ఇన్వర్టర్, బ్యాటరీల గురించి మా కౌంటర్ దగ్గర రోజూ అడిగే ప్రశ్నలు

అనకాపల్లిలో మాది చిన్న బ్యాటరీల షాపు. పొద్దున్న షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా అవే ప్రశ్నలు, ఫోన్లో కొన్ని, కౌంటర్ దగ్గర కొన్ని, పెళ్లికెళ్తే భోజనాల బంతిలో కూడా పక్కాయన అవే అడుగుతాడు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. అమ్ముకునేవాణ్ణే గానీ ఇందులో సగం జవాబులు కొనొద్దనే ఉంటాయి, ఎందుకంటే మా దగ్గరకి చచ్చి వచ్చే బ్యాటరీల్లో ఎక్కువ శాతం వాటంతటవి చచ్చినవి కావు, మనం చంపినవే.

మాకు ఇన్వర్టర్ కావాలా, యూపీఎస్ కావాలా?

రాత్రి కరెంటు పోతే ఫ్యాను తిరగాలి, లైటు వెలగాలి, పిల్లలు దోమలకి లేవకుండా పడుకోవాలి అంటే ఇన్వర్టర్. కంప్యూటర్లో పని చేస్తుంటే అది ఆగకూడదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకునే టైము దొరికితే చాలు అంటే చిన్న యూపీఎస్. మామూలు 600 వీఏ యూపీఎస్ పెట్టెలో ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ, బండి బ్యాటరీ అంత ఉంటుంది, దానికి గంటల బ్యాకప్ అడగొద్దు, పది పదిహేను నిమిషాలు ఇస్తే అది దాని పని చేసినట్టే. వైఫై ఒక్కటి ఆగకపోతే చాలు అనుకునేవాళ్లకి ఈ రెండూ అక్కర్లేదు, దాని గురించి కింద చెప్తా.

ఎంత కెపాసిటీ తీసుకోవాలి? పక్కింటివాళ్లు 150 పెట్టించారు, మేమూ అదే పెట్టించుకోవచ్చా?

పక్కింటివాళ్లని వదిలేయండి. ఒక కాగితం తీసుకుని కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఏవి నడవాలో రాయండి. ఉండాలనిపించేవి కాదు, నడవాల్సినవి. మామూలు పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, ఎల్ఈడీ బల్బు 9, ఎల్ఈడీ ట్యూబు 20, 32 అంగుళాల టీవీ సుమారు 50, రౌటర్ 10. మూడు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, టీవీ, రౌటర్ కలిపితే 320 వాట్ల దగ్గర తేలుతుంది. దీనికి 900 వీఏ ఇన్వర్టర్ హాయిగా సరిపోతుంది. వీఏ అంటే వాట్లు కాదు, ఇందులో 70, 80 శాతమే మనకి వాట్లుగా వస్తుంది, 900 వీఏ మీద 900 వాట్లు పెడితే ఓవర్‌లోడ్ అని కూ కూ అంటుంది.

ఇక బ్యాటరీ. 12 వోల్టులు, 150 ఏహెచ్, గుణిస్తే 1800 వాట్ అవర్లు. 1800ని 320తో భాగిస్తే ఐదున్నర గంటలు రావాలి కదా అని మొన్న ఒక మాస్టారు లెక్క వేసుకునే వచ్చారు. లెక్క తప్పు కాదు, బ్యాటరీయే అలా ఇవ్వదు. డబ్బా మీద రాసే 150, నెమ్మదిగా ఇరవై గంటల పాటు వాడితే వచ్చేది, అంటే ఏడున్నర ఆంపియర్లు చొప్పున. దాన్ని సీ20 అంటారు. మీ మూడు ఫ్యాన్లూ టీవీ కలిసి 30 ఆంపియర్ల పైనే లాగుతాయి, అంత జోరుగా లాగితే లెడ్ బ్యాటరీ చెప్పినంత ఇవ్వదు, పైగా ఇన్వర్టర్ తన వాటా తను వేడి కింద తినేస్తుంది. కాబట్టి కొత్త బ్యాటరీకి మూడున్నర గంటలు అనుకోండి. మాస్టారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు గానీ ఇది ముందే చెప్తే తర్వాత గొడవుండదు.

మూడున్నర చాలదు, 200 ఏహెచ్ ఇచ్చెయ్యండి.

ఆగండి. ఫ్యాన్లు మార్చారా? బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటు తాగే మోటారు ఉన్నది) 28 నుంచి 35 వాట్లలో తిరుగుతుంది. మూడు ఫ్యాన్లు మార్చితే 225 వాట్లు కాస్తా 90కి దిగుతుంది, మొత్తం లోడు 185 అవుతుంది, అదే 150 బ్యాటరీ ఆరు గంటల పైన లాగుతుంది. 200 బ్యాటరీ పెట్టినా అంత పెరగదు. పైగా ఫ్యాను కరెంటు ఉన్నప్పుడు కూడా బిల్లు తగ్గిస్తుంది, పెద్ద బ్యాటరీ ఒక మూల కూర్చుని నీళ్లు తాగుతుంది. ఈ మాట చెప్తే మా తమ్ముడు నా మీద విసుక్కుంటాడు, బేరం చెడగొడతావు అని.

ఫ్రిజ్ కూడా పెట్టుకోవచ్చా? మోటారు? మిక్సీ?

మోటారు, గీజరు, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ స్టవ్వు, ఏసీ వద్దు. మిక్సీ 500 నుంచి 750 వాట్లు లాగుతుంది, రెండు నిమిషాల చట్నీకి అంత లోడు ఎందుకు, కరెంటొచ్చాక చేసుకోండి, లేకపోతే రోలు ఉంటే రోట్లో నూరండి, రుచి కూడా బావుంటుంది.

ఫ్రిజ్ సంగతి వేరు. నడిచేటప్పుడు 150, 200 వాట్లే గానీ కంప్రెసర్ స్టార్టయ్యే ఆ ఒక్క క్షణం దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ ఆ దెబ్బకి ట్రిప్ అయిపోతుంది. తలుపు తియ్యకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లగానే ఉంటుంది కాబట్టి మామూలు కోతలకి ఇన్వర్టర్ లైను మీద వెయ్యాల్సిన పనే లేదు. అసలు చాలామంది ఇళ్లల్లో జరిగేదేంటంటే ఎలక్ట్రీషియన్ పని తేలిగ్గా అయిపోతుందని ఇల్లంతా ఇన్వర్టర్ లైను మీదకి కలిపేస్తాడు, ఆ తర్వాత ఎవరో బాత్రూంలో గీజర్ స్విచ్ వేస్తారు, ఇంకేముంది. హాలు, బెడ్‌రూంల ఫ్యాన్లు, లైట్లు, ఒక చార్జింగ్ పాయింటు, రౌటర్ ప్లగ్గు, ఇంతవరకే విడిగా లైను లాగమని దగ్గరుండి చెప్పండి.

సైన్ వేవ్, స్క్వేర్ వేవ్ అంటారు, తేడా ఏంటి?

లైన్లో వచ్చే కరెంటు అల లాగ నున్నగా లేస్తుంది, పడుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ దాన్నే దించుతుంది. స్క్వేర్ వేవ్‌ది మెట్లు మెట్లుగా ఉంటుంది, అందుకే ఫ్యాన్లు గుయ్య్ మంటాయి, కొన్ని కంప్యూటర్ల పవర్ సప్లై దాన్ని ఒప్పుకోక ఆగిపోతుంది. రేటులో తేడా ఉన్నా సైన్ వేవే తీసుకోండి.

ట్యూబులర్ తీసుకోవాలా, ఫ్లాట్ ప్లేటా, లిథియమా?

మొదటి రెండూ నీళ్లు పోసే లెడ్ (సీసం) బ్యాటరీలే. కోతలు ఎప్పుడో ఒకసారి, పది నిమిషాలు అయితే ఫ్లాట్ ప్లేట్ చాలు. పల్లెటూళ్లలోలాగ రోజూ గంటో రెండు గంటలో పోతుంటే ట్యూబులర్. అందులో పాజిటివ్ ప్లేటు మందు గుడ్డ గొట్టాల్లో కూరి ఉంటుంది, అందుకని ఎన్నిసార్లు దించి ఎక్కించినా మందు రాలి కిందకి పడదు, అదే దాని ఆయుష్షు రహస్యం. పొడుగువి తీసుకుంటే నీళ్లు పట్టే జాగా ఎక్కువ, మాటిమాటికి పొయ్యక్కర్లేదు.

లిథియం అంటే ఇళ్లకి ఇచ్చేది ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఫోన్లో ఉండే రకం కాదు, దానికంటే ఇది నెమ్మది సరుకు. 12.8 వోల్టుల 100 ఏహెచ్ ఒకటి 1280 వాట్ అవర్లు, చూడ్డానికి తక్కువే, కానీ అది జోరుగా లాగినా పెద్దగా తగ్గదు కాబట్టి మన ఇంటి లోడ్ల మీద 150 లెడ్ బ్యాటరీ చేసే పని చేస్తుంది. నీళ్లు లేవు, ఆసిడ్ లేదు, వాసన లేదు. లెడ్‌ది యాభై అరవై కిలోలు, ఇద్దరు మనుషులు మెట్లు ఎక్కించాలి, దీన్ని ఒక్కడే చంకలో పెట్టుకుని వెళ్లిపోతాడు. డబ్బు ఎక్కువ. ఇంకో మెలిక కూడా ఉంది, మీ పాత ఇన్వర్టర్లో లిథియం సెట్టింగ్ లేకపోతే దాని చార్జింగ్ పద్ధతి దీనికి సరిపడదు, ఇన్వర్టర్ కూడా మార్చాల్సి వస్తుంది. మూడో అంతస్తు అపార్ట్‌మెంటు, ఇంట్లో పెద్దవాళ్లిద్దరే ఉంటారు, నీళ్లు చూసే ఓపిక లేదు, అలాంటివాళ్లకి లిథియమే చెప్తున్నా ఇప్పుడు. ఇదివరకు జీఎస్టీ లెడ్‌కి 28, లిథియానికి 18 ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటికీ 18 అయ్యింది, పాత రేటు వేసి బిల్లు ఇస్తే అడగండి.

ఏ కంపెనీ మంచిది?

దీనికి నేను జవాబు చెప్తే మీరు నమ్మరు, అమ్మేవాడు కదా అంటారు. అమరాన్ మన తిరుపతి దగ్గర కరకంబాడి సరుకు, ఆ కంపెనీవాళ్లే మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీ పెడుతున్నారు, ఎక్సైడ్ కలకత్తాది, ఇంకా ల్యూమినస్, మైక్రోటెక్, వీ గార్డ్ ఉన్నాయి. వీటి మధ్య తేడా కంటే మీ ఊళ్లో ఏ కంపెనీ సర్వీసు మనిషి ఫోన్ ఎత్తుతాడు అనే తేడా పెద్దది. కొనేముందు బ్యాటరీ మీద తయారైన నెల చూడండి. షాపులో ఆరు నెలలు చార్జింగ్ లేకుండా కూర్చున్న బ్యాటరీ కొత్తదే గానీ కొత్తది కాదు.

కారు బ్యాటరీ పాతది ఉంది, ఇన్వర్టర్‌కి వేసెయ్యొచ్చా?

వద్దు. అది సెల్ఫ్ కొట్టడానికి ఒక్క క్షణం గట్టిగా కరెంటు ఇచ్చే జాతి, గంటలకొద్దీ నెమ్మదిగా ఇమ్మంటే కొద్ది నెలల్లో పోతుంది.

వర్క్ ఫ్రమ్ హోమ్, కరెంటు పోతే వైఫై పోతోంది, దీనికి ఏం చెయ్యాలి?

రౌటర్ యూపీఎస్ అని అరచేతి అంత డబ్బా దొరుకుతుంది, లోపల లిథియం సెల్స్ ఉంటాయి, రౌటర్‌కీ అడాప్టర్‌కీ మధ్యలో పెడితే చాలు, మూడు నాలుగు గంటలు లాగుతుంది. కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ మీద సన్న అక్షరాల్లో ఏముందో చదవండి, 12 వోల్టులా 9 వోల్టులా, ఒక ఆంపియరా రెండా. ఎక్కువగా 12 వోల్టులే గానీ చూసుకుని కొనడం మంచిది, వోల్టేజి తేడా వస్తే రౌటర్ పోతుంది. ఫైబర్ కనెక్షన్ అయితే గోడకి ఇంకో చిన్న డబ్బా విడిగా ఉండొచ్చు, దానికి కూడా కరెంటు కావాలి, రౌటర్ ఒక్కదానికి పెట్టి నెట్ రావట్లేదని మాకు ఫోన్ చేసేవాళ్లు చాలామందే.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలి?

గాలి ఆడేచోట, ఎండ పడనిచోట. చార్జింగ్ అయ్యేటప్పుడు లెడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అంటుకునే గ్యాసు. దాన్ని తీసుకెళ్లి దేవుడి గదిలో దీపం పక్కన పెట్టినవాళ్లని చూశాను, గ్యాస్ సిలిండర్ పక్కన పెట్టినవాళ్లనీ చూశాను. మెట్ల కింద అరలో పెట్టి తలుపు వేసేసి దాని మీద పాత చీర కప్పడం ఇంకొకటి. ఎండాకాలం వేడికి కూడా బ్యాటరీ భయపడుతుంది, పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది అని మా లైన్లో లెక్క, అందుకే రెంటచింతల, రామగుండం వైపు మేడ మీద రేకుల గదిలో పెట్టిన బ్యాటరీ ఇక్కడ నీడపట్టున ఉన్న దానితో సమానంగా బతకదు.

నీళ్లు ఎన్నాళ్లకోసారి పొయ్యాలి?

ఎండాకాలం నెలన్నరకి, మిగతా కాలం రెండు మూడు నెలలకి ఒకసారి చూడండి. చూడమంటున్నా, తక్కువుంటేనే పొయ్యమంటున్నా.

ఇక్కడ ఒకటి చెప్పాలి. బ్యాటరీ లోపల ఆరు గదులు (సెల్స్) ఉంటాయి, వాటి ఆరు మూతల మీద ఆరు ఫ్లోట్లు ఉంటాయి, నీళ్లుంటే పైకి లేస్తాయి, తగ్గితే దిగుతాయి. కిందటేడు మేలో ఒక పెద్దాయన వచ్చి నా బ్యాటరీ రెండేళ్లకే పోయింది, నీళ్లు ఎప్పుడూ ఫుల్లే, రోజూ చూస్తున్నా అన్నారు. ఇంటికెళ్లి చూస్తే నిజంగానే ఆరు ఫ్లోట్లూ నిక్కి నిలబడి ఉన్నాయి. మూడోదాన్ని వేలితో తడితే టక్కున లోపలికి పడిపోయింది. మురికి పట్టి పైనే ఇరుక్కుపోయింది అది. మూత తిప్పి టార్చి వేస్తే లోపల ప్లేట్లు పొడిగా, ఎండిన చెరువులో మట్టిలాగ తెల్లగా, పైన అంచులు బీటలు వారి ఉన్నాయి. మిగతా అయిదు గదులూ బావున్నాయి, ఒక్క గది పోతే 12 వోల్టుల బ్యాటరీ పది వోల్టుల బ్యాటరీ అయిపోతుంది, ఇన్వర్టర్ పదిన్నర దగ్గరే ఆపేస్తుంది కాబట్టి ఇక అది పనికి రాదు. పెద్దాయన ఏం మాట్లాడలేదు, ఆ ఫ్లోట్‌ని ఇంకోసారి వేలితో తట్టి చూశారు. అందుకే ఫ్లోట్‌ని చూడ్డం కాదు, వేలితో ఒకసారి నొక్కి వదలండి, మళ్లీ లేస్తే నీళ్లున్నట్టు.

పొయ్యడం కూడా చార్జింగ్ పూర్తయ్యాకే. చార్జయ్యే కొద్దీ లోపల మట్టం పెరుగుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు గీత దాకా పోస్తే తర్వాత పొంగి ఆసిడ్ బయటకొస్తుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేదాకా కొంచెం పోసి, చార్జ్ పెట్టి, మిగతాది తర్వాత పొయ్యండి. ఆసిడ్ మాత్రం ఎప్పుడూ పొయ్యకూడదు, ఆవిరయ్యేది నీళ్లే గానీ ఆసిడ్ కాదు.

ఏసీ పైపులోంచి వచ్చే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కదా, పోసుకోవచ్చా? ఆర్వో నీళ్లు? వాన నీళ్లు?

ఏసీ నీళ్లు గాల్లోంచి వచ్చినవే గానీ కాయిల్ మీద పడి, దాని దుమ్మూ లోహమూ కడుక్కుని వస్తాయి. ఆర్వో నీళ్లలో మనకి రుచి కోసం ఉప్పులు మిగులుతాయి, ఆ ఉప్పులు ప్లేట్లకి పడవు. వాన నీళ్లు మేడ మీద కాకి రెట్టలతో సహా వస్తాయి. అయిదు లీటర్ల బ్యాటరీ వాటర్ క్యాన్ ఎంతో లేదండి, పది పదిహేను వేల బ్యాటరీకి అక్కడ పొదుపు చెయ్యకండి.

పాజిటివ్ టెర్మినల్ దగ్గర తెల్లగా, ఆకుపచ్చగా బూజులాగ వస్తోంది.

ఆసిడ్ ఆవిరి తగిలి పుట్టిన ఉప్పు అది, రాగి క్లాంపుంటే పచ్చగా నీలంగా వస్తుంది. ఇన్వర్టర్ ఆఫ్ చేసి ప్లగ్ తీసి, ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ వైరు విప్పి, వేణ్ణీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో కడగండి, బుసబుసా పొంగుతుంది, భయపడొద్దు. మూతలు గట్టిగా బిగించి ఉండాలి, సోడా నీళ్లు లోపలికి పోతే ఆసిడ్ చస్తుంది. బాగా తుడిచి, ముందు పాజిటివ్, తర్వాత నెగెటివ్ బిగించి, పైన వ్యాసలిన్ రాయండి. గ్రీజు రాస్తారు కొందరు, వ్యాసలినే నయం.

ఈ పనికి మంచి బట్టలు వేసుకోవద్దు. ఆసిడ్ చుక్క పడితే ఆ రోజు ఏమీ కనపడదు, ఉతికి ఆరేశాక లుంగీకి జల్లెడ లాగ చిల్లులు కనపడతాయి. పెళ్లైన కొత్తలో అత్తగారు పెట్టిన చొక్కా ఒకటి అలాగే పోయింది నాకు. కంట్లో పడితే మాత్రం ఆలోచించకుండా కుళాయి కింద పావుగంట పైన కడుక్కుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

బ్యాటరీ దగ్గర కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోంది.

ఇది ఇప్పుడే చదువుతుంటే చదవడం ఆపి ముందు ఇన్వర్టర్ చార్జింగ్ ఆపండి, కిటికీలు తెరవండి, పిల్లల్ని దూరంగా పంపండి. అగ్గిపుల్ల గీయొద్దు. బ్యాటరీ ఓవర్ చార్జ్ అయ్యి మరుగుతోంది, ఆ గ్యాసు మంచిది కాదు. డబ్బా పట్టుకుంటే వేడిగా ఉండడం, పొట్ట ఉబ్బడం కూడా ఉంటుంది. చల్లారాక మెకానిక్‌ని పిలవండి. గది పోయుండొచ్చు, ఇన్వర్టర్ చార్జరే చెడిపోయుండొచ్చు, రెండూ చూపించకుండా కొత్త బ్యాటరీ పెడితే అది కూడా అదే దారి పడుతుంది.

కరెంటు ఉన్నా సరే ఇన్వర్టర్ మాటిమాటికి బ్యాటరీ మీదకి వెళ్లిపోతోంది.

ఊరి చివర ఇల్లు కదూ? వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని, కొన్నిట్లో ఎకో అని రాస్తారు. యూపీఎస్ మోడ్‌లో సుమారు 180 వోల్టులు దిగగానే అది కరెంటు లేనట్టే లెక్కేసి బ్యాటరీ మీదకి దూకుతుంది. సాయంత్రం అందరూ మోటార్లు వేస్తే లో వోల్టేజి, రాత్రంతా అదే తంతు, పొద్దున్నకి బ్యాటరీ ఖాళీ. నార్మల్‌కి మార్చండి, సుమారు 100 వోల్టుల దాకా తట్టుకుంటుంది. కాకపోతే మారేటప్పుడు కొంచెం ఆలస్యం, డెస్క్‌టాప్ కంప్యూటర్ రీస్టార్ట్ అవ్వొచ్చు. మేం వెళ్లి బ్యాటరీ మార్చాల్సిన పని లేకుండా ఈ స్విచ్ మీద తేలిపోయిన కంప్లైంట్లకి లెక్క లేదు.

నెల రోజులు ఊరెళ్తున్నాం, ఆపి వెళ్లాలా?

పూర్తిగా చార్జ్ చేసి, నీళ్లు చూసి, ఇన్వర్టర్ ఆఫ్ చేసి ప్లగ్ తీసి వెళ్లండి. నెలకి పెద్దగా దిగదు. మూడు నెలలు అమెరికా పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు తాళాలు పక్కింట్లో ఇచ్చి మధ్యలో ఒకసారి ఒక పూట చార్జ్ పెట్టమనండి. ఖాళీ బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత చార్జ్ పెట్టినా ఎక్కదు.

తుఫాను వస్తే ఎలా వాడుకోవాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నం, మా అనకాపల్లి వైపు స్తంభాలన్నీ పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. మొదటి రాత్రి ఇన్వర్టర్ ఉన్న ఇళ్లన్నీ మామూలుగానే ఫ్యాన్లు వేసుకుని పడుకున్నాయి, మా ఇల్లు కూడా, ఎప్పట్లాగే ఏ పన్నెండింటికో వచ్చేస్తుందిలే అని. పొద్దున్నకి బ్యాటరీ కూ కూ, ఆ తర్వాత ఫోన్ చార్జింగ్‌కి కూడా దిక్కు లేదు. షాపులో ఉన్న కొత్త బ్యాటరీల మీద వీధిలో వాళ్లందరి ఫోన్లూ చార్జ్ పెట్టాం. కరెంటొచ్చాక వరసగా బ్యాటరీలు రిపేరుకొచ్చాయి, ఖాళీ అయ్యి వారం పైన అలాగే ఉండిపోయినవి.

అప్పట్నుంచి మా ఇంట్లో తుఫాను హెచ్చరిక రాగానే బ్యాటరీ ఫుల్ చేసి, టీవీ ప్లగ్ పీకేసి, ఒక్క ఫ్యాను ఒక్క లైటు మాత్రమే. 9 వాట్ల బల్బు ఒక్కటీ ఫోన్లూ అయితే అదే బ్యాటరీ రోజుల తరబడి వస్తుంది. పిడుగులు పడుతుంటే ఇన్వర్టర్ ప్లగ్ కూడా తీసెయ్యండి, పిడుగుని ఆపే శక్తి దానికి లేదు. ఇంట్లోకి వాన నీళ్లు చేరే ప్రాంతమైతే ట్రాలీ ఎత్తు చాలదు, బల్ల మీద పెట్టించుకోండి.

ఇన్వర్టర్ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందా?

కొంచెం పెరుగుతుంది. 150 బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యి నిండాలంటే రెండు రెండున్నర యూనిట్లు. ఏమీ వాడకపోయినా కూర్చుని పది ఇరవై వాట్లు తింటుంది. పాడైన బ్యాటరీ మాత్రం ఎప్పటికీ నిండదు, చార్జింగ్ ఆగదు, బిల్లు అక్కడ పెరుగుతుంది.

మేడ మీద సోలార్ పెట్టించాం, అయినా కరెంటు పోతే మా ఇంట్లో కూడా పోతోంది, మోసపోయామా?

మోసం కాదండి, మీది ఆన్ గ్రిడ్, అంటే బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకి కలిసేది. పీఎం సూర్యఘర్ కింద పెట్టేవి ఎక్కువ అవే, 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ వచ్చేది. లైన్లో కరెంటు పోగానే అవి కావాలనే ఆగిపోతాయి. స్తంభం ఎక్కిన లైన్‌మన్ కరెంటు లేదనుకుని తీగ పట్టుకుంటే మీ మేడ మీంచి వచ్చిన కరెంటు కొట్టకూడదు కదా. బ్యాకప్ కావాలంటే మామూలు ఇన్వర్టర్ విడిగా ఉంచుకోవాలి, లేదా బ్యాటరీ కలిసే హైబ్రిడ్ పెట్టించుకోవాలి. సోలార్‌తో రోజూ నింపి రోజూ వాడే బ్యాటరీకి సీ10 రేటింగ్ (ఇరవై బదులు పది గంటల లెక్క) ఉన్నది అడగండి.

ఇంట్లో పేషెంట్ ఉన్నారు, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ నడవాలి.

అయిదు లీటర్ల మిషన్ 300 నుంచి 350 వాట్లు లాగుతుంది, మామూలు ఇన్వర్టర్ మీద మూడు గంటలే అనుకోండి, అది కూడా కొత్త బ్యాటరీ మీద, వేరే ఏదీ వెయ్యకుండా. సైన్ వేవ్ తప్పనిసరి. ఇన్వర్టర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఒక ఆక్సిజన్ సిలిండర్ ఇంట్లో పెట్టుకోండి, డాక్టర్‌తో మాట్లాడండి. ఇలాంటి ఇంటికి మేం బ్యాటరీ అమ్మాక నెలకోసారి మేమే ఫోన్ చేస్తాం.

బ్యాకప్ తగ్గిపోయింది, పోయిందా ఉందా ఎలా తెలుసుకోవాలి?

రాత్రంతా చార్జ్ పెట్టి, ప్లగ్ తీసి, రెండు మూడు గంటలు ఏమీ వెయ్యకుండా వదిలి మీటర్ పెట్టండి. 12.5 నుంచి 12.7 వోల్టులు ఉంటే నిండినట్టు. పదకొండున్నర దగ్గరే ఆగిపోతే లోపల ఏదో గది పోయింది. మా దగ్గర హైడ్రోమీటర్ (ఆసిడ్ చిక్కదనం కొలిచే గొట్టం) ముంచి ఆరు గదులూ విడివిడిగా చూస్తాం, చాలా ట్యూబులర్లకి నిండినప్పుడు 1.240 దగ్గర ఉంటుంది, 1.180 అంటే సగం. అయిదు గదులు 1.240 చూపించి ఒకటి 1.120 చూపిస్తే ఆ గదికి దణ్ణం పెట్టడమే. ఆరూ సమానంగా తక్కువుంటే సంతోషించండి, బ్యాటరీ బానే ఉంది, చార్జింగే సరిగ్గా ఎక్కట్లేదు. వైరు లూజో, ఇన్వర్టర్ చార్జరో చూపించుకోండి, కొత్త బ్యాటరీ కొనకండి.

రెండు బ్యాటరీల ఇన్వర్టర్, ఒకటే పోయింది, ఒకటే మార్చొచ్చా?

మార్చొచ్చు, కానీ పాతది కొత్తదాన్ని కూడా తనతోపాటు లాక్కుపోతుంది. ఏడాది లోపు జత అయితే సరే, మూడేళ్లు దాటితే రెండూ మార్చండి.

వారంటీ 60 నెలలు అంటారు, నిజంగా ఇస్తారా?

కార్డు చదవండి. 36 ప్లస్ 24 అని ఉంటే మొదటి 36 నెలలే ఊరికే మారుస్తారు, తర్వాత 24 నెలలు కొత్తదాని రేటులో కొంత తగ్గిస్తారు, అంతే. కార్డు మీద షాపు ముద్ర, తేదీ, బ్యాటరీ మీద ఉన్న సీరియల్ నంబరు మూడూ ఉండాలి. ఆ కార్డుని బిల్లుతో కలిపి ఫోన్లో ఫొటో తీసుకోండి, మూడేళ్లకి ఆ కాగితం బీరువాలో దొరకదు. నీళ్లు లేక ప్లేట్లు ఎండితే ఏ కంపెనీ ఇవ్వదు, మా మీద అరవొద్దు.

పాత బ్యాటరీ ఏం చెయ్యాలి? పాత సామాన్లవాడు ఎక్కువిస్తానంటున్నాడు.

అతను ఎలా ఎక్కువిస్తాడో తెలుసా, ఆసిడ్ కాలవలో పారబోసి, సీసం ఊరి బయట కరిగించుకునేవాడికి అమ్మి. ఆ పొగ, ఆ సీసం పిల్లల ఒంట్లోకి చేరితే అంత తేలిగ్గా బయటకి రావు. 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారుచేసినవాళ్లది, కాబట్టి కొత్తది కొనేటప్పుడు షాపులోనే ఎక్స్చేంజ్‌కి ఇచ్చెయ్యండి. రేటు బరువు మీద కడతాం. బరువు పెరుగుతుందని నీళ్లు గొంతు దాకా నింపి తెస్తారు కొందరు, ఆటోలో సగం ఒలికి ఆటోవాడితో గొడవ, మాకు అలవాటే, మూత తియ్యగానే తెలిసిపోతుంది.